కాంతిచికిత్స: మన కర్తవ్యము

చార్మినారునకు పడమటనున్న లాడ్ బజారు లక్కగాజులకు ప్రసిద్ధము. 2024లో ఆ గాజులకు భౌగోళిక గుర్తింపును లభించినది. ఆ ప్రాంతపు సందులలోనే, తోలుపొరల నడుమ వెండినుంచి సుత్తితో మోది, ఊదిన నెగిరిపోవునంత పలుచని వరఖును చేయు పనివారి విద్యయు తరతరములుగ వచ్చుచున్నది. ఎంత సాగినను ఆ రేకు వెండివలెనే మెఱయును. కాని లోహమును, మీటరులో 100 కోట్లవవంతు కొలతగా గల నానోకణములుగ మార్చినచో దాని స్వభావమే మాఱును. బంగారము కెంపువన్నె దాల్చును. వెలుతురును పీల్చి వేడియగును. క్యాన్సరు చికిత్సకులు నేడు ఆశపెట్టుకొన్నది ఈ మార్పుపైననే.

కాంతిచికిత్స నిన్న మొన్న పుట్టినది కాదు. 1900 ప్రాంతమున మ్యూనిక్ నగరమున ఆస్కార్ రాబ్ అను విద్యార్థి, రంగు కలిపిన నీటిలోని సూక్ష్మజీవులు వెలుతురు సోకగనే చచ్చుట కనిపెట్టెను. రోగికి కాంతిని గ్రహించు మందిచ్చి కురుపుపై ఎఱ్ఱని లేజరు ప్రసరింపజేసినచో, అచటి ఆక్సిజను తీక్ష్ణరూపము దాల్చి రోగకణములను చంపును. 1995లో అమెరికాలో అన్ననాళ క్యాన్సరునకు ఈ పద్ధతి ఆమోదము పొందినది.

అయినను చిక్కులు రెండు కలవు. వెలుతురు శరీరమున లోతునకు పోజాలదు; కురుపులో ఆక్సిజను కొఱత. రెండవదానికి నానోకణములు ఉపాయము చూపుచున్నవి. మాంగనీసు డయాక్సైడు కణములు కురుపులోని హైడ్రొజన్ పెరాక్సైడును విడగొట్టి ఆక్సిజను నిచ్చును. ఇనుపకణములు అదే ద్రవ్యమును, 1894లో ఫెంటన్ వెల్లడించిన చర్యచే, రోగకణములకు విషముగ మార్చును. దీనికి వెలుతురుతో పనియే లేదు.

మన నగరమును వెనుకబడి లేదు. తార్నాకయందలి భారతీయ రసాయన సాంకేతిక సంస్థవారు ఆకురసముతో వెండి నానోకణములను చేసి, క్యాన్సరు కణములపై వాని ప్రభావమును 2014లో ప్రకటించిరి. 2019లో అమెరికాలో 16 మంది ప్రోస్టేటు రోగులపై బంగారుపూత కణములను పరీక్షించిన ఫలితములు వెలువడినవి. కాని ఇట్టి పరిశోధనలలో పెక్కు ఇంకను గాజుపాత్రలను, ఎలుకలను దాటలేదు. శరీరమున ప్రవేశించిన కణములు కాలేయమున, ప్లీహమున నిలిచిపోవుటయు కలదు. కావున నానోవైద్యమని పేరుపెట్టి పొడులమ్మువారిని నమ్మి శస్త్రచికిత్సను, రేడియేషనును మానుకొనుట ప్రాణములతో జూదమాడుటయే యని చదువరులను హెచ్చరించుచున్నాము.

మన దేశమున పురుషులకు వచ్చు క్యాన్సరులలో నోటి క్యాన్సరు ప్రధానమైనది. గుట్కా, ఖైనీ దానికి మూలములు. ఉత్తరాంధ్ర తీరమున అడ్డపొగ త్రాగు స్త్రీలకు అంగిట ఈ వ్యాధి కలుగుట వైద్యు లెఱిగినదే. నోరు వెలుతురునకు అందని చోటు కాదు. ఇచట పరీక్షలు జరుపుటకు ఇంతకంటె తగిన హేతు వేమి కావలయును?

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి మేధ క్యాన్సరునకు మందునిచ్చినది. కాని అది ఫలించినది అమెరికా ప్రయోగశాలలో. అట్టి స్థితి మరల రారాదు. తార్నాకలోని ప్రయోగశాలకును, రెడ్‌హిల్సులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రికిని నడుమ దృఢమైన వంతెన కట్టుట ప్రభుత్వముల విధి. రోగుల సమ్మతితో, కఠిన పర్యవేక్షణతో పరీక్షలు సాగవలెను. మేలైనను కీడైనను ఫలితములు బయటపెట్టవలెను. అందాక పొగాకు మానుట, నోట మానని పుండు రెండు వారములు దాటిన వైద్యునికి చూపుట మన చేతనున్న పనులు. వానికి నానోకణములతో నిమిత్తము లేదు.