నీట తడియని కెమెరా – గండికోట విహారము



హైదరాబాదు నగరమున 1892వ సంవత్సరమున రాజా దీన్ దయాళ్ స్త్రీల కొఱకై ప్రత్యేకముగా నొక ఛాయాచిత్రశాలను తెఱచెను. ఘోషాలోని స్త్రీలు పరపురుషుల యెదుట నిలువరు గనుక, ఎత్తైన గోడల నడుమ నుండిన ఆ శాలలోని పనిని కెన్నీ-లెవిక్ అను ఆంగ్ల వనిత కప్పగించిరి. అనగా మన తెలుగువారు తిరుగాడు నగరమున నూటముప్పది యేండ్లకు పూర్వమే స్త్రీ చేతికి కెమెరా వచ్చినది. ఆ తరువాత హోమాయి వ్యారావాలా (1913–2012) పత్రికలకు ఛాయాచిత్రములు తీసిన తొలి భారతీయ మహిళగా దేశమంతట పేరుగాంచెను.

అయినను మన యిండ్లలోని ఆల్బములను ఒకమాఱు తిరుగవేసి చూడుడు. తీర్థయాత్రల చిత్రములలో పిల్లలుందురు, మఱదులుందురు, స్నేహితులుందురు. ఇల్లాలు మాత్రము చేత సామానుల సంచితో ఒక మూల కానవచ్చును. చిత్రము తీసిన చేయి ఆమెది కాదు. కారణ మడిగినచో, కెమెరా సున్నితమైన వస్తువు, జారిపడునేమో, నీళ్లు తగులునేమో, పిల్లలు లాగుదురేమో యని చెప్పుదురు. నీట మునిగినను, దుమ్ములో పడినను, చేతినుండి జారినను చెడని చిన్న కెమెరాలు ఇప్పుడు కలవు గనుక ఆ కారణము తీరిపోయినది. ఈ నెల వానిని గూర్చి చెప్పుకొందము. అట్టి కెమెరా ఎంత గట్టిదో, ఎచ్చట గట్టిది కాదో, దానిని చేతబట్టిన మనము ఎంతవఱకు పోవచ్చునో యను మూడు సంగతులును తెలిసిననే అది మనకు ఉపకరించును.

ఒక స్థలమును ఎదుట నుంచుకొని చెప్పినచో ఈ విషయము సులువుగా బోధపడును. కడప జిల్లాలో జమ్మలమడుగునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున, పెన్నానది ఎఱ్ఱమల కొండలను కోసికొని పోవుచోట గండికోట యున్నది. గండి యనగా కొండల నడుమ ఏరు చేసికొన్న దారి. కోటకు పేరు దానివలననే కలిగినది. లోయ కొన్నియెడల 300 అడుగుల లోతుండును. విజయనగరపు రాజుల కాలమున పెమ్మసాని నాయకులకు ఇది నెలవు. 1650లో గోలకొండ సేనాని మీర్ జుమ్లా దీనిని పట్టుకొనెను; 1652లో ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే వచ్చి ఆతనిని ఇచ్చట కలిసికొనెను. మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారము, పావురాల గోపురము నేటికిని చూడదగియున్నవి.

ఇట్టి చోట కెమెరాకు ఏమేమి కష్టములు కలుగునో చూడుడు. వేసవిలో బండలు కాలును. గాలి లేచినచో సన్నని దుమ్ము కన్నులలోను, కటకము మీదను పడును. వానపడిన దినములలో రాళ్లు జారును. క్రింద నీరు. ఎగువ 26.85 టీఎంసీల గండికోట జలాశయము, దిగువ మైలవరము జలాశయము నుండుటచే, ఎండిన సీమ నడుమనైనను పడవయెక్కి విహరించు అవకాశము కలదు. ఎండ, దుమ్ము, రాయి, నీరు నాలుగును ఒక్కచోట కూడిన ఈ స్థలమున సున్నితపు కెమెరా సంచిలోనే దాగియుండును.

నీటిలో పనిచేయు చిన్న కెమెరా తలపు ఫ్రెంచి సముద్రాన్వేషకుడు జాక్ కుస్తోది. జాన్ ద వూటెర్స్ అను బెల్జియము దేశస్థుడు దానికి రూపమిచ్చెను. 1960 ప్రాంతమున కాలిప్సో యను పేర వెలువడిన ఆ కెమెరాను 1963లో నికాన్ కంపెనీ నికోనోస్ అను పేర తయారుచేయసాగెను. నేటి కెమెరాలలో ఫిలిము లేదు. అంతయు మెమరీ కార్డు మీద నిలుచును. ఉదాహరణమునకు, 2023లో వచ్చిన ఓఎం సిస్టం వారి టీజీ-7 యనునది 15 మీటర్ల నీటిలోతున పనిచేయును, 2.1 మీటర్ల ఎత్తునుండి పడినను, 100 కిలోల బరువు పైబడినను, 10 డిగ్రీల మైనస్ చలిలోనైనను నిలుచునని తయారుచేసినవారు చెప్పుదురు. 2022లో వచ్చిన రికో డబ్ల్యుజీ-80కి 14 మీటర్ల నీరు, 1.6 మీటర్ల పాటు పరిమితులు. దుమ్ముకును నీటికిని ఐపీ యను గుర్తు వ్రాయుదురు. అందు మొదటి యంకె దుమ్మును గూర్చినది. ఆఱు ఉన్నచో దుమ్ము లోపలికి చొరదని యర్థము. రెండవది నీటిని గూర్చినది. ఎనిమిది యున్నచో నీట ముంచి యుంచవచ్చునని యర్థము.

ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని ఆ అంకెలు చెప్పని సంగతులు కొన్ని కలవు.

మొదటిది ఎండ. మంచుగడ్డల నడుమ పనిచేయు ఆ టీజీ-7కే వేడి విషయమున 40 డిగ్రీలు హద్దు. కడప, కర్నూలు సీమలలో వేసవి మధ్యాహ్నము ఆ హద్దును దాటుట మన మెఱిగినదే. చలిదేశముల వారికి వరమైనది మనకు వేసవిలో అక్కఱకు రాకపోవచ్చును. కావున కెమెరాను కాలెడి బండమీద పెట్టరాదు. నిలిపియుంచిన కారులో విడువరాదు. తెల్లని బట్టలో చుట్టి నీడపట్టున నుంచవలెను. ఎండకు కాగిన కెమెరాను వెంటనే చన్నీట ముంచుటయు తప్పే. అట్లు చేసినచో లోపలి గాలిలోని తేమ అద్దము మీద ఆవిరివలె పట్టి చిత్రములు మసకబారును.

రెండవది నీటి లోతు. 15 మీటర్లు అనునది నిలకడగా నున్న నీటికి చెప్పిన మాట. కెమెరాతో గట్టుమీదనుండి నీటిలోనికి దూకినచో, ఆ తాకిడి ఎక్కువ లోతునకు సమానముగా నుండవచ్చును. వేగముగా దూకు జలధార క్రింద పట్టుటయు నిట్టిదే. మఱియు ఈ కెమెరా తడియదు గాని తేలదు. పడవలో నున్నప్పుడు నీట తేలెడి పట్టీని దానికి తగిలింపనిచో, అది చెక్కుచెదరకయే అడుగున పడియుండును!

మూడవది మూత. ఇది మన మందఱమును బాగుగా నెఱిగిన విద్య. కెమెరా లోనికి నీరు పోకుండ కాపాడునది మూత లోపలి సన్నని రబ్బరు పట్టీ. ప్రెషరు కుక్కరు రబ్బరునకు ఒక్క మెతుకు అంటుకొన్నచో ఆవిరి ప్రక్కనుండి పోవుటను మీరు చూడలేదా? కెమెరా పట్టీ మీద ఒక్క ఇసుకరేణువు, ఒక్క తలవెండ్రుక చిక్కుకొన్నను ఆ దారినే నీరు లోపలికి చొరబడును. ఊరగాయ జాడీలో తడిగరిటె పెట్టరాదని కోడలికి చెప్పునట్లే, తడిచేతులతో కెమెరా మూత తీయరాదని ఇంటిల్లిపాదికిని చెప్పవలెను. బయలుదేరుటకు ముందే యింటివద్ద బ్యాటరీని నింపి, కార్డును ఉంచి, పట్టీని మెత్తని పొడిబట్టతో తుడిచి, మూత బిగించి, గడియ వేయుడు. కోటమీద గాలిలో దానిని తెఱువకుండుట మేలు. తిరిగి వచ్చిన పిదప మూత వేసియే ఒక గిన్నెడు మంచినీటిలో పదినిమిషములుంచి, తుడిచి, నీడను ఆఱనిండు. రబ్బరు ఏండ్లు గడచినకొలది బిరుసెక్కును గనుక ఏటేట మార్పింపుమని తయారుచేయువారే చెప్పుచున్నారు.

ఇక చిత్రములు తీయుట. మిట్టమధ్యాహ్నమున ఆకాశము తెల్లనై, లోయ అడుగు నల్లనై కనబడును. ఉదయమునను సాయంకాలమునను ఎండ ఏటవాలుగా పడుటచే రాతిపొరలు ఒక్కొక్కటియే విడివిడిగా తోచును. లోయ ఎంత లోతో చిత్రము చూచినవారికి తెలియవలెనన్నచో, కోట బురుజునో ప్రాకారమునో చిత్రమున ఒక ప్రక్కకు రానీయుడు. కొలతకు మనుష్యుని అంచున నిలువబెట్ట బనిలేదు. దూరపు వస్తువులను దగ్గఱకు లాగుటలో ఈ చిన్న కెమెరాలకు శక్తి తక్కువ. మిక్కిలి చేరువ వస్తువులను తీయుటలో మాత్రము వీనిది అందెవేసిన చేయి. టీజీ-7 ఒక సెంటీమీటరు దూరమునుండి కూడ తీయగలదు. ఈ కొండరాతికి భూగర్భ శాస్త్రజ్ఞులు గండికోట క్వార్ట్‌జైటు అనియే పేరు పెట్టిరి. పూర్వ మెన్నడో పేరుకొన్న ఇసుక గట్టిపడి ఈ రాయి అయినది. పిల్లల చేతికి కెమెరా యిచ్చి రాతిని చేరువనుండి తీయుమనుడు. గుడిలోని స్తంభముల చెక్కడములను తీయుమనుడు. పాఠపుస్తకము చెప్పనిది వారి కన్నులే వారికి చెప్పును.

గండికోటకు వచ్చువారిలో చాలమంది నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలములోని బెలుము గుహలను కూడ చూచి పోవుదురు. 3,229 మీటర్ల పొడవైన ఆ గుహలలో ఉక్కయు తేమయు నెక్కువ. చల్లని కారునుండి దిగి తిన్నగా లోపలికి పోయినచో కటకము మీద ఆవిరి పట్టును. కొంచెముసేపు కెమెరాను చేతిలో నుంచుకొని, దానికి వెచ్చదనము వచ్చిన పిమ్మట తుడిచి తీయుడు.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన మాట. కెమెరా 2.1 మీటర్లనుండి పడినను బ్రతుకును. అది సుమారు ఏడడుగులు. లోయ 300 అడుగులు. కెమెరాకున్న కవచము మనకు లేదు. స్వీయచిత్రములు తీసికొనుచు మరణించిన వారిని గూర్చి ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన పరిశోధకులు పత్రికా వార్తలనుండి లెక్క కట్టిరి. 2011 అక్టోబరు మొదలు 2017 నవంబరు వఱకు లోకమంతట 259 మంది మరణింపగా, అందు 159 మంది మన దేశమువారే. నీట మునిగినవారును, ఎత్తునుండి పడినవారును వారిలో పెక్కురు. గట్టి కెమెరా చేతనున్నప్పుడు మనస్సునకు ఒక వింత ధైర్యము కలుగును. దానికి లేని భయము మనకును లేదనిపించును. ఆ ధైర్యమును నమ్మవద్దు.

కావున ఈ నియమములను ఇంటిలోనివా రందఱును పాటింతురు గాక. నడచునప్పుడు తెరను చూడరాదు. తెరను చూచునప్పుడు నడువరాదు. చిత్రము కొఱకు వెనుకకు ఒక్క అడుగైనను వేయరాదు. అంచునకు వీపు చేసి ఎవ్వరును నిలువరాదు. తీయువారు కూర్చుండి తీయుట మేలు. చీరకుచ్చెళ్లు కాలికి చుట్టుకొనకుండ దోపుకొనవలెను. కెమెరా పట్టీని మణికట్టునకు తగిలించుకొనవలెను. తల్లి చిత్రము తీయునంతసేపు పసిపిల్ల చేయి ఇంకొక పెద్దవారి చేతిలో నుండవలెను. పడవలో ప్రాణరక్షణ కవచము తొడుగుకొననిదే కెమెరా బయటికి తీయరాదు. ఇవి యన్నియు మఱచినను ఒక్కటి మఱువవద్దు: జారిపోవు కెమెరాకై చేయి చాపవద్దు, పోనిండు! బ్రతికియున్న బలుసాకు తినవచ్చునని పెద్దలు ఊరకే యనలేదు.

“మా ఫోను కూడ తడియదే, వేఱుగా కెమెరా యేల?” అని కొంద ఱడుగవచ్చును. మంచి ప్రశ్నయే. తడిచేతికి ఫోను తెర సరిగా పలుకదు. కెమెరా మీటలు పలుకును. ఫోనులో మన బ్యాంకు లెక్కలును, బంధువుల నంబరులును ఉండును గనుక అది నీటిపాలైనచో నష్టము చిత్రములతో పోదు. అయితే ఈ కెమెరాలలో వెలుతురును పట్టు ఫలకము చిన్నది. రాత్రివేళ పెండ్లి పందిటిలో మంచి ఫోనుకంటె ఇది మిన్నగా తీయునని ఆశింపవలదు. వెలయు తక్కువ కాదు. ఏటికి ఒక్కమాఱు మాత్రమే బయలుదేరువారు కొనుటకంటె, అక్కచెల్లెండ్ర కుటుంబములు రెండుమూడు కలిసి ఒకటి కొని వంతులవారిగా వాడుకొనుట తెలివి.

కొన్నచో, ప్రయాణమునకు వారము ముందే యింటిలో బాలతొట్టి నీటిలో ముంచి చూడుడు. అత్తగారికి, ఆడుబిడ్డకు, పదేండ్ల పిల్లకు మీట నొక్కుట నేర్పుడు. గండికోట మీద అందఱును తలా పది చిత్రములు తీయుదురు గాక. ఇల్లాలు తీసిన పదియు, ఆమెను ఇతరులు తీసిన ఒకటియు తప్పక ఉండవలెను. ఇంటికి వచ్చిన మఱునాడే మంచివానిని ఏఱి, కాగితముపై అచ్చువేయించి, వెనుక తేదీ, స్థలము, తీసినవారి పేరు వ్రాసి యుంచుడు. ముప్పదియేండ్ల తరువాత ఆ చిత్రమును చూచు మనుమరాలు, దీనిని మా అమ్మమ్మ తీసినదని చెప్పుకొనును.