చుక్కలా? చారలా?

అమీర్‌పేటలో రాత్రి పదకొండు దాటితే కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒక్కొక్కటే ఆరిపోతాయి. హాస్టల్ కుర్రాళ్లు టీ బండి దగ్గర చేరతారు. సరిగ్గా అప్పుడే మా సందు చివర వేపచెట్టు మీద గొడవ మొదలవుతుంది. ‘చిర్ర్... చిర్ర్... చిర్వక్ చిర్వక్’. పిల్లులు కొట్టుకుంటున్నాయేమో అనుకునేవాణ్ని.

డిసెంబర్‌లో ఓ రాత్రి పంజాగుట్టలో ఆఫీస్ క్యాబ్ దిగి నడిచొస్తుంటే అసలు పార్టీ కనిపించింది. పావురం కంటే చిన్నది. గుండ్రటి తల, పసుపు కళ్లు. కేబుల్ వైరు మీంచి దూకి, వీధి దీపం చుట్టూ తిరుగుతున్న పురుగును పట్టుకుని మళ్లీ వైరు మీదకే! ఫొటో తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో గొప్పగా పెట్టా: ‘మన సందులో జంగిల్ ఔలెట్!’

తప్పు. అది స్పాటెడ్ ఔలెట్.

నన్నేం అనకండి, రెండూ అలాగే ఉంటాయి. రెండూ 20 సెంటీమీటర్ల చిట్టి గుడ్లగూబలే. రెండింటికీ పసుపు కళ్లే. మెయిన్ మెనూ కూడా ఒకటే: పురుగులు, అప్పుడప్పుడూ బల్లులు, చిట్టెలుకలు. తేడా ఒంటి మీద ఉంటుంది. స్పాటెడ్‌కి నెత్తి మీదా వీపు మీదా తెల్ల చుక్కలు, కళ్ల పైన కొట్టొచ్చే తెల్ల కనుబొమలు. జంగిల్‌కి తల నుంచి తోక దాకా సన్నటి అడ్డచారలు. చీకట్లో ఇవేవీ కనిపించవు కదా, అప్పుడు చెవులే దిక్కు. స్పాటెడ్‌ది కీచులాట. జంగిల్ కూతకి ఓ లయ ఉంటుంది, మెల్లగా మొదలై వేగం అందుకుంటుంది.

జంగిల్ ఔలెట్‌కి నల్లమల లాంటి అడవి కావాలి. స్పాటెడ్‌కి పాత చెట్టు తొర్రో, గోడలో కంతో చాలు. తిండిని వీధి దీపాలే పిలుచుకొస్తాయి. బ్యాగు పట్టుకుని వచ్చి, హాస్టల్లో ఒక బెడ్ దొరికితే చాలనుకున్న మనలాంటిదే. కాకపోతే తొర్రని అది సొంతంగా చెక్కుకోలేదు. దొరికిన దాంట్లోనే ఉండాలి.

నా ఫొటో కింద మొదటి రిప్లై: ‘గుడ్లగూబ అపశకునం. ఆ చెట్టు వైర్లకి కూడా తగులుతోంది, కొట్టించేద్దాం.’ దానికి ఐదు థంబ్స్‌అప్‌లు! దాన్ని నేనే పట్టించినట్టయింది.

అమ్మమ్మకి ఫోన్ చేశా. “అపశకునమేంట్రా, అది పైడికంటి. పురుగుల్ని తిని బతుకుతుంది, దాని జోలికెందుకు?” అంది. పైడి అంటే బంగారం. బంగారు కళ్ల పిట్ట అన్నమాట. ఇంత మంచి పేరుండగా నేను గూగుల్లో ఇంగ్లిష్ పేరు వెతికా, అదీ తప్పుది.

మర్నాడు గ్రూపులో మూడు ముక్కలు రాశా. గుడ్లగూబలకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. 2002 వాల్టా చట్టం ప్రకారం అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా వీటికి గుడ్లు, పిల్లల సీజన్. అందుకని వైర్లకి తగిలే కొమ్మలు వేసవిలో కొట్టిద్దాం, తొర్ర ఉన్న మానుని వదిలేద్దాం.

సెక్రటరీ అంకుల్ సాయంత్రానికి రిప్లై ఇచ్చారు: ‘సరే, మే దాకా ఆగుదాం.’ గెలిచామని చెప్పను. లీజు ఐదు నెలలు పొడిగించారంతే.

మీ సందులోనూ రాత్రి పిల్లుల కొట్లాట వినిపిస్తే ఓసారి తలెత్తి చూడండి. చుక్కలో చారలో నాకు చెప్పండి. తొర్ర ఎక్కడుందో మాత్రం ఎక్కడా పోస్ట్ చేయకండి. దీపావళి ముందు పూజల పేరు చెప్పి గుడ్లగూబల్ని పట్టి అమ్మేవాళ్లున్నారు. నా ఫొటో ఐదుగురు చూస్తేనే చెట్టు మీదకొచ్చింది మరి!