మూడో వారంలో మైదానం

కొత్తగా పరుగు మొదలుపెట్టినవారిలో ఎవరు నిలుస్తారో మొదటి రోజే కొంతవరకు చెప్పవచ్చు. ఫజ్ర్ నమాజు తరువాత మైదానానికి వచ్చి, తొలి చుట్టులోనే అందరినీ దాటిపోయి, రెండో చుట్టులో నడుము పట్టుకుని నిలబడిపోయే యువకుడు సాధారణంగా మూడో వారంలో కనిపించడు. నడకకు కొంచెం ఎక్కువ, పరుగుకు కొంచెం తక్కువ అనిపించే తీరులో స్నేహితునితో కబుర్లు చెబుతూ సాగే నలభై ఐదేళ్ళ మనిషి మాత్రం మరుసటి ఏడాదీ అక్కడే ఉంటాడు. పరుగు నేర్పేవాడిగా నాకిందులో వింత ఏమీ లేదు.

కారణం శరీర నిర్మాణంలోనే ఉంది. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాలకే కొత్త శ్రమకు అలవాటు పడతాయి. ఎముకలకు, కండరాన్ని ఎముకతో కలిపే స్నాయువులకు నెలలు పడుతుంది. ఆయాసం తగ్గింది కదా అని దూరాన్నీ వేగాన్నీ ఒకేసారి పెంచినవారికి సరిగ్గా ఆ సమయంలోనే మోకాలి కింద ముందరి ఎముక వెంట నొప్పి మొదలవుతుంది. లేదా ఉదయం మంచం దిగగానే మడమ కలుక్కుమంటుంది. ఇక పరుగు తమకు సరిపడదని తేల్చుకుని మానేస్తారు. మొదట్లోనే వేగం తగ్గించి ఉంటే వారిలో చాలామంది ఇప్పటికీ పరుగెత్తుతూ ఉండేవారు.

మరి ఎంత వేగం తగినది? దానికి గడియారం అక్కర లేదు. పరుగెత్తుతూనే పక్కవారితో రెండు మూడు వాక్యాలు తడబడకుండా మాట్లాడగలిగితే అది సరైన వేగం. మాట మాటకూ ఆగి ఊపిరి పీల్చవలసి వస్తే నెమ్మదించాలి. అవసరమైతే నడవాలి. అందులో చిన్నతనమేమీ లేదు.

ఈ కొలమానాన్ని సామాన్యులలోకి తీసుకుపోయినవారిలో ముఖ్యుడు న్యూజిలాండ్ శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్. ఆక్లండ్‌లో పాదరక్షల తయారీలో పనిచేస్తూ, ముందు తన శరీరం మీదనే ప్రయోగాలు చేసుకుని, ఆపైన చుట్టుపక్కల కుర్రవాళ్ళకు నేర్పాడు. నెలల తరబడి దూరపు పరుగులు, ఆ పునాది గట్టిపడిన తరువాతే వేగం అన్నది అతని పద్ధతి. 800 మీటర్ల పోటీకి సిద్ధమవుతున్న పీటర్ స్నెల్ కూడా ఆదివారాల్లో కొండదారిన 35 కిలోమీటర్లు పరుగెత్తేవాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్ 800 మీటర్లలో, మర్రే హాల్‌బర్గ్ 5000 మీటర్లలో ఒకే రోజు స్వర్ణాలు గెలిచారు.

నాకు అంతకన్నా విలువైనదిగా తోచేది ఆ తరువాతి సంగతి. లిడియార్డ్ నడివయసువారిని, గుండెజబ్బు చూసినవారిని కూడా నెమ్మది పరుగుకు రప్పించాడు. 1962 చివర అమెరికా నుంచి వచ్చిన ప్రఖ్యాత శిక్షకుడు బిల్ బోవర్‌మన్ ఆ గుంపుతో కలిసి పరుగెత్తబోయి వెనకబడ్డాడు. గుండెపోటు నుంచి కోలుకున్న, డెబ్బై దాటిన ఒక పెద్దాయన ఆయన కోసం వెనక్కి తగ్గి, మాటలు చెబుతూ తోడు వచ్చాడట! బోవర్‌మన్ తన దేశానికి తిరిగి వెళ్ళి ఆ పద్ధతినే ప్రచారం చేశాడు. 1967లో ఒక హృద్రోగ వైద్యునితో కలిసి దాని మీద పుస్తకం కూడా రాశాడు.

మన ఇళ్ళలో మొదలుపెట్టేవారు వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు పెట్టుకోవాలి. ఐదు నిమిషాల నడక, ఆపైన ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. ఇలా ఎనిమిది సార్లు. నెల గడిచాక పరుగు నిమిషాలను కొద్దికొద్దిగా పెంచవచ్చు, వేగం జోలికి పోకుండా. మిగతా రోజుల్లో చురుకుగా నడిస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు కనీసంగా సూచించే వారానికి 150 నిమిషాల వ్యాయామం తేలికగా పూర్తవుతుంది. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు, ఛాతీలో ఎప్పుడైనా బరువు అనిపించినవారు ముందు వైద్యుణ్ణి కలవాలి.

సోదరీమణుల విషయంలో అడ్డంకి కాళ్ళలో ఉండదు, ఇంటి వేళల్లో ఉంటుంది. పిల్లల టిఫిను డబ్బాలు, అత్తమామల మందులు, భర్త డ్యూటీ వేళ, వీటన్నిటి మధ్య ఆ అరగంటను ఎవరైనా ఆమెకు విడిచిపెడితేనే దొరుకుతుంది. మూడు ఉదయాలు టీ పెట్టే పని ఇంట్లో మగవారు తీసుకుంటే అది నా సలహాలన్నిటికన్నా ఎక్కువ పనిచేస్తుంది. ఆడవారికి పరుగేమిటని అడిగే పెద్దలకు, దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసిన ఉల్లేఖనం అబూ దావూద్ సంకలనంలో ఉందని గుర్తు చేయవచ్చు. బయటికి వెళ్ళే వీలు లేకపోతే మేడ మీద నడక, నిలిచిన చోటే పరుగు కూడా లెక్కలోకి వస్తాయి. వదులైన నూలు సల్వార్ కమీజు చాలు. అంచు మాత్రం పాదాలకు తగలకూడదు.

రంజాన్‌లో చాలామంది పూర్తిగా మానేస్తారు, షవ్వాల్‌లో మళ్ళీ మొదలుపెట్టరు. ఇథియోపియాలో పుట్టి నెదర్లాండ్స్ తరఫున పరుగెత్తే సిఫాన్ హసన్ 2023లో రంజాన్ ముగిసిన ఒకటి రెండు రోజులకే లండన్‌లో తన తొలి మారథాన్ పరుగెత్తింది. మధ్యలో నొప్పి వచ్చి ఆగింది, వెనకబడింది, మళ్ళీ అందుకుని 2 గంటల 18 నిమిషాల 33 సెకన్లలో గెలిచింది. ఆమె వృత్తి క్రీడాకారిణి, ఆమెను అనుకరించమని నేను చెప్పను. ఆ నెలలో మనకు ఇఫ్తార్‌కు ముందు ఇరవై నిమిషాల తేలిక నడక, లేదా తరావీహ్ తరువాత పది నిమిషాల పరుగు చాలు. అలవాటు తెగిపోకపోవడమే దాని ప్రయోజనం. చక్కెర తగ్గించే మందులు వాడేవారు ఉపవాసంతో వ్యాయామం చేసే ముందు వైద్యుని అనుమతి తీసుకోవలసిందే.

పెళ్ళిళ్ళు, జ్వరాలు, పరీక్షల వల్ల వారం పది రోజులు పోవడం సహజం. దానివల్ల తగ్గే శక్తి మీరు భయపడేంత ఉండదు. కాబట్టి తప్పిన రోజులన్నిటినీ ఒకే ఆదివారం తీర్చుకోబోకండి. తిరిగి వచ్చిన మొదటి రోజు మామూలు దూరంలో సగమే పరుగెత్తి, ఇంకా ఓపిక ఉండగానే ఇంటికి వెళ్ళండి.