హయా పేరుతో జబ్బు దాచరాదు



ఏభై దాటిన మాకు వృషణంలో నొప్పిలేని గట్టి గడ్డ తగిలింది. స్కానింగు, రక్తపరీక్షల పిదప, కణితి అనుమానంతో ఈ నెలలోనే శస్త్రచికిత్స నిర్ణయమైంది. భయం లేదని చెప్పలేము. పురుషులు ఇంట్లో సైతం చెప్పుకోని జబ్బు కనుకనే ఇక్కడ రాస్తున్నాము.

హయా విశ్వాసంలో భాగమే; వ్యాధిని దాచడం మాత్రం హయా కాదు. చికిత్స పొందమని దైవప్రవక్త (స) ఆదేశించారు. అవసరం మేరకు వైద్యునికి శరీరం చూపడాన్ని ధర్మశాస్త్రం అనుమతించింది.

ఇటువంటి గడ్డకు సాధారణంగా సూది గుచ్చి ముక్క తీయరు. గజ్జ వద్ద కోసి, వృషణాన్ని పూర్తిగా తీసి పరీక్షిస్తారు. క్యాన్సర్ అవునో కాదో అప్పుడే తేలుతుంది. యువకులలో అధికమైనా, ఇది ఏ వయసులోనైనా రావచ్చు. తొలిదశలో గుర్తిస్తే అత్యధికులు కోలుకుంటారు. రెండవది ఆరోగ్యంగా ఉంటే దాంపత్యానికి సాధారణంగా లోటుండదు. సంతానం కోరేవారు శస్త్రచికిత్సకు ముందే వీర్యం భద్రపరచడం గురించి వైద్యుని అడగాలి.

మేము మొదట మా ఇల్లాలికి చెప్పాము. బాకీల లెక్కతో వసీయత్ రాసి ఆమెకిచ్చాము. కోత మానేవరకు కూర్చుని, వీలుకాకుంటే పడుకుని నమాజు చేస్తాము, ఇన్షా అల్లాహ్.

గడ్డ తగిలిన సోదరుడు నొప్పి కోసం వేచి ఉండక ఈ వారమే వైద్యుని కలవాలి. మా కొరకు దుఆ చేయండి.