చౌకదుకాణపు ముంగిట ఆహారబోధ

2025 జూను 1వ తేదీనుండి మన రాష్ట్రమున బండ్లపై ఇంటింటికి బియ్యము పంచుట మాని, చౌకధరల దుకాణములందే సరకులిచ్చు పద్ధతిని పునరుద్ధరించిరి. నెల మొదటి పక్షమున ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వీధులలో జనులు సంచులు చేతబట్టి వేలిముద్రకై వరుసలో నిలుతురు. అచ్చట తూకమునుగూర్చి తగవులు వినవచ్చును. ఆ బియ్యముతో ఏమి కలిపి తినవలెను, దేహము నెట్లు కాపాడుకొనవలెను అను మాట మాత్రము వినరాదు. అది అచ్చటనే చెప్పవలెనని మా యభిప్రాయము. అయితే ఒక నియమముమీద.

ఈ ప్రశ్న మన సీమకు క్రొత్తది కాదు. 1876-78 నాటి ధాతకరువులో కడప, బళ్లారి, కర్నూలు జిల్లాలు అల్లాడుచుండగా, పనిచేయు కూలికి దినమునకొక పౌను ధాన్యమును స్వల్పపు రొక్కమును చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించెను. ఆ తిండితో మనిషి నిలువజాలడని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ వాదించెను. 1877లో కొలది నెలలకే కూలి పెంచవలసి వచ్చినది.

1983లో వచ్చిన రెండు రూపాయల బియ్యము కరువుసీమకు చేసిన మేలును కాదనువాడు కృతఘ్నుడు. కాని ఆ తరమునుండి సంగటిలో రాగిపిండి తగ్గి బియ్యము పెరిగినది, కొర్రన్నము వింతవంటకమైనది. నూరు గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు మించి కాల్షియము గలదు. మరబియ్యమున పదికి మించదు. దేశపు రోగభారమున 56.4 శాతము సరికాని తిండివలననే కలుగుచున్నదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించినది.

అయినను, రాగులు తినుడని బోధించి బియ్యము మాత్రము తూచి పంపుట పరిహాసము. చెప్పినదానిని తూచి యీయవలెను. రాగులు, కందిపప్పు ప్రతినెల తప్పక అందవలెను. మేము కోరు నియమ మిదియే. బోధయు గోడపత్రికలతో కాదు. పొయ్యి వెలిగించి, సంగటి కెలికి, గోంగూర పప్పుతోనో చెనిక్కాయల ఊరిబిండితోనో ముద్ద చేతిలో పెట్టవలెను. ఇందులకు రాజధానినుండి ఉపన్యాసకులు రానక్కరలేదు; ఈ విద్యలో మన యవ్వలు ఏ పండితునకును తీసిపోరు. ఆహారబోధ అంగన్‌వాడీలకు 1975నుండి విధియైయున్నమాట నిజమే. కాని అది తల్లులకు, పసిబిడ్డలకు ఉద్దేశింపబడినది. మధుమేహముతో, రక్తపుపోటుతో బాధపడు ఇంటిపెద్దలు అచ్చటికి పోరు, దుకాణమునకు వత్తురు.

వ్యాయామముమాట. దినమంతయు చెనిక్కాయ చేలలో కలుపు తీసి వచ్చిన స్త్రీకి దానిని బోధించుట అవివేకము. ఆ మాట వినవలసినవారు ప్రొద్దుటూరు అంగళ్లలో గద్దె దిగని వర్తకులును, మావంటి కోర్టుపక్షులును. వారమునకు 150 నిమిషములు వడిగా నడచిన చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పెన్న యొడ్డున నడచుటకు సుంకము లేదు గదా!

వచ్చు నెలలోనే మూడు పట్టణములందును ఒక్కొక్క దుకాణపు ముంగిట దీనిని మొదలుపెట్టవచ్చును. ఒక పొయ్యి, రెండు పాత్రలు, పది కిలోల రాగిపిండి చాలును. నీళ్లు మోయుటకు పఠనమందిరముల యువకులు కలరు. రాగులు పంపుట పౌరసరఫరాల శాఖవారి పని.