కారు కారుతోంది

"ఏమిరా, కారు కారతా ఉండాదే!"

పొద్దున్నే వాకిట్లో నిలబడి నాయన అన్న మాట ఇది. ముందు ఎడమ చక్రం కింద, అమ్మ వేసిన ముగ్గు అంచున, అరచేయంత తడి. ఆ మాట ఇప్పుడు మా ఇంట్లో పరిహాసమైపోయింది. తెలుగు అక్షరం రాని మా పిల్లలకు కూడా అందులోని చమత్కారం వెంటనే అర్థమైంది, అదొక సంతోషం. కానీ ఆ పొద్దు నాకు నవ్వు రాలేదు. ఆ తడి నీళ్లు కాదు, ఇంజన్ ఆయిల్ కాదు. వేలితో తాకితే పల్చగా, జారుగా, ఇంచుమించు రంగు లేకుండా ఉంది. బ్రేక్ ఆయిల్. దాన్ని లోపల పట్టి ఉంచాల్సిన కేలిపర్లు రెంటినీ రెండు నెలల ముందే మార్పించినాను.

మాది 1997 ఎస్టీమ్. కోయంబత్తూరులో మన చుట్టాల ఇళ్లలో ఇంకా ఇట్లాంటి బండ్లు ఉన్నాయని తెలుసు కాబట్టి ఇది రాస్తున్నాను. రిజిస్ట్రేషన్ 2012లో, 2017లో, 2022లో తిరిగి చేయించినాము. అన్న ప్రతిసారీ "అమ్మేయండి" అంటాడు, నాయన ప్రతిసారీ విననట్టు ఉంటాడు. నేను నాయన పక్షం. అందుకే ఈ తప్పు నా నెత్తినే పడింది.

పాత కేలిపర్లలో ఒకటి బిగుసుకుపోయింది. దుమ్ము రబ్బరు చిరిగి, నీళ్లు లోపలికి పోయి, పిస్టన్ తుప్పు పట్టి వెనక్కి రాలేదు. బండి ఎడమకు లాగేది, ఆ చక్రం చెయ్యి పెట్టలేనంత కాలేది. సామాన్ల అంగట్లో రీకండిషన్ జత చూపించినారు. నల్లరంగు తళతళ, అట్టపెట్టె, ప్లాస్టిక్ మూతలు. "పాతవి ఇచ్చేయండి సార్, ధర తగ్గిస్తాము" అన్నారు. ఇచ్చేసినాను. ఇన్నేళ్లు ఒక్క చుక్క కారని ఇనుమును ఇచ్చి, ఎవరి బండిలో ఎట్లా తుప్పు పట్టిందో తెలియని ఇనుమును రంగు చూసి తెచ్చుకున్నాను. నా అభిప్రాయం ఇక్కడే చెప్పేస్తాను: మీ బండిలో వచ్చిన కేలిపర్ బాడీని, అది నిజంగా చెడిపోయిందని విప్పి చూడనిదే, ఎవరికీ ఇవ్వకండి.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాల. ముగ్గు మీద తడి కనబడకముందే, మూడు వారాలుగా డబ్బాలో ఆయిల్ మట్టం తగ్గుతా ఉంటే పోస్తూ వచ్చినాను. ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం కొంచెం దిగడం సహజమే. పిస్టన్ బయటికి జరిగి ఆ చోటు ఆయిల్‌తో నిండుతుంది. ఆ తెలివి పెట్టుకొని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. కానీ కొత్త ప్యాడ్లు వేసిన రెండు నెలలకే మట్టం దిగితే అది అరుగుదల కాదు, ఎక్కడో కారుతున్నట్టే.

మెకానిక్ అన్న ముందు హోస్ బోల్టునే అనుమానించినాడు. హోస్ చివరి కన్నుకు రెండు పక్కలా రెండు రాగి వాషర్లు ఉంటాయి, నలిగి సీలు కట్టేది అవే. పాతవాటినే మళ్లీ వేస్తే కారవచ్చు. కొత్తవి వేసినాడు, తడి ఆగలేదు. గాలి తీసే నిప్పిల్ చూసినాడు, పొడిగా ఉంది. (ఎడమ కేలిపర్ కుడికి, కుడిది ఎడమకు బిగించి నిప్పిల్ కిందికి వచ్చిన బండ్లు కూడా ఉంటాయట. గాలి పైకే కదా పోయేది. అట్ల బిగిస్తే ఎంత సేపు తీసినా పెడల్ మెత్తగానే ఉంటుంది.)

అప్పుడు అమ్మ పౌడరు డబ్బా అడిగినాడు. కేలిపర్ అంతా తుడిచి, ఆరనిచ్చి, పౌడరు చల్లినాడు. నన్ను పెడల్ తొక్కి పట్టుకోమన్నాడు. అయిదు నిమిషాలు తొక్కినాను, ఒక్క చుక్క లేదు. "బాగానే ఉంది" అనుకొని ఇంటికి వచ్చేవాడినే. "రాత్రంతా ఇట్లనే ఉండనీ" అన్నాడు. తెల్లారి చూస్తే దుమ్ము రబ్బరు కింద పౌడరు తడిసి ముద్దయింది.

ఈ విషయం నాకు కొత్త. పిస్టన్ చుట్టూ ఉండే నలుపలకల రబ్బరు ఉంగరం, తొక్కినప్పుడు ఆయిల్ ఒత్తిడికే ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. కాలు తీసినాక ఒత్తిడి ఉండదు. ఉంగరం కూర్చునే గాడిలో గుంట ఉంటే అప్పుడే మెల్లగా ఒలుకుతుంది. అంటే పగలంతా మంచిబుద్ధిగా ఉండి రాత్రి కారే కేలిపర్ ఉంటుంది. అంగట్లో ఒకసారి తొక్కి చూపించి "చూడండి సార్, ఏమీ లేదు" అంటే నమ్మడానికి లేదు. ఇంకో గుర్తు ముందే కనబడాల్సింది: బ్రేక్ ఆయిల్ రంగును తినేస్తుంది. ఆ తళతళ నలుపు సరిగ్గా దుమ్ము రబ్బరు కిందనే బుడగలు లేచి ఊడిపోయింది.

పట్టరైలో విప్పినాము. ఉంగరం కొత్తదే, పిస్టన్ కూడా ఫర్వాలేదు. ఉంగరాన్ని సూదితో తీసి గాడిలో టార్చి కొడితే, తుప్పు తిన్న గుంటలు వరసగా ఉన్నాయి. బయట ఇసుక కొట్టి రంగు పూసినవారు ఆ గాడిని చూడనే లేదు. అక్కడ గుంట పడితే ఎంత మంచి రబ్బరు వేసినా నిలవదు. ఆయిల్ తాగిన ప్యాడ్లు కూడా పనికిరావు. కడిగి ఎండబెట్టి వేసేవారు ఉన్నారు, నేను ఒప్పుకోను. అదీ ఒక్క పక్కకే కాదు, రెండు పక్కలా మార్చాల, లేకపోతే మళ్లీ ఒక పక్కకు లాగుతుంది.

రీకండిషన్ అంతా మోసమని నేను అనడంలేదు. మెకానిక్ అన్న వాదన న్యాయమైనదే: "మీ పాతదాంట్లో మాత్రం గుంటలు లేవని ఏమి గ్యారంటీ?" నిజమే. కానీ నాది విప్పి ఉంటే చూసి తెలుసుకునేవాడిని. బిగుసుకున్నది పిస్టన్. అది మారుతుంది, రబ్బరు కిట్ దొరుకుతుంది. రంగు వేసిన పెట్టెలోది మాత్రం చూడనిస్తారా? దుమ్ము రబ్బరు ఎత్తి, పిస్టన్ బయటికి తీసి చూపించమంటే గ్యారంటీ పోతుందంటారు. అట్లాంటి గ్యారంటీ నాకెందుకు?

కిట్ వేసేటప్పుడు రబ్బరును పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో కడిగే అలవాటు మన ఊళ్లో ఇంకా ఉంది. ఆ రబ్బరు ఉబ్బిపోతుంది. కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే తుడవమని దగ్గర నిలబడి చెప్పండి, కోపం తెచ్చుకున్నా సరే.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఆ నెలలోనే అక్క, బావ, పిల్లలు ఈ బండిలో వాల్పారై పోవాల్సింది. పొళ్లాచ్చి దాటినాక 40 వంపులు. దిగేటప్పుడు బ్రేకులు కాలుతాయి. మామూలు డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉంటే 205 డిగ్రీల దాకా మరగదు. నీటి చెమ్మ తాగిన పాతదైతే 140కే మరగవచ్చు. లోపల ఆవిరి పుడితే పెడల్ నేలకు ఆనుతుంది. నేను పోస్తూ వచ్చిన ఆయిల్ ఎప్పుడో మూత తీసి షెల్ఫులో పెట్టిన డబ్బాలోది. నాయన ఆ పొద్దు తడి చూడకపోతే తాళం అక్క చేతికి ఇచ్చేసి ఉండేవాడిని. ఈ మాట అక్కకు ఇప్పటిదాకా చెప్పలేదు, ఇక్కడ చదువుతుంది.

మన చేత్తో మనమే బాగుచేసుకుంటామన్న గర్వం ఈ ఊరి తెలుగిళ్లలో ఎక్కువ. జి.డి. నాయుడుగారు మోటార్‌సైకిలును ముక్కముక్కలుగా విప్పి మళ్లీ బిగించిన కథ వినని పిల్లవాడు లేడు. ఆ కథలో ఆయన విప్పి చూసినారు. నేను డబ్బాలో ఆయిల్ పోసినాను, అంతే తేడా. పాత బండిని పెట్టుకోవడానికి ప్రేమ ఉంటే చాలదని అన్న అనేది దీని గురించే, ఈ ఒక్క విషయంలో ఆయన మాట కాదనలేను.

నా పాత జత కోసం అంగడికి పోతే, ఎప్పుడో వేరే చోటికి పంపించేసినామన్నారు. చివరికి ఉక్కడం పాత ఇనుప కొట్లలో నాలుగు బాడీలు విప్పించి, గాడి నున్నగా ఉన్న రెంటిని తెచ్చినాము. కొత్త పిస్టన్లు, కిట్లు, కొత్త ప్యాడ్లు, సీలు తీయని డబ్బాతో ఆయిల్ అంతా మార్పు. అక్క ప్రయాణం ఒక నెల వెనక్కి పోయింది.

పదిహేను రాత్రులు చక్రాల కింద పాత దినపత్రిక పరిచినాను. రోజూ నాకంటే ముందు నాయనే లేచి, వంగి చూసి, కాగితం మడిచి తెచ్చి కాఫీ పక్కన పెట్టేవాడు.

"ఈ పొద్దు కారలే."