వినపడలేదని చెప్పడానికి సిగ్గెందుకు?

చూపు మందగిస్తే కళ్ళజోడు పెట్టుకుంటాం. దాన్ని చూసి ఎవరూ నవ్వరు. పైగా మౌల్వీ సాహెబ్‌కు పెద్దరికం వచ్చిందంటారు. చెవి మందగిస్తే మాత్రం ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పకుండా దాచుకుంటాం. ఎందుకిలా?

ఈ ప్రశ్న ముందు నన్ను నేనే వేసుకోవాలి. ఎన్నో ఏళ్ళుగా పిల్లలకు ఉర్దూ, అరబీ చెబుతున్నాను. ఆపరేషన్‌కు ముందు ఆరేళ్ళపాటు, వినపడకున్నా వింటున్నట్లే నటించాను. పిల్లవాడి పెదవులు కదిలి ఆగగానే 'షాబాష్' అనేవాణ్ణి. ఒకరోజు ఓ విద్యార్థి 'ఖల్బ్' (హృదయం) అని చదవవలసిన చోట 'కల్బ్' (కుక్క) అని చదివాడట. నేను షాబాష్ అన్నాను. తరగతి అంతా నవ్వింది. ఆ నవ్వు నాకు వినపడలేదు, కనిపించింది. నా పరువు కాపాడుకోవడానికి పిల్లల చదువును బలిపెడుతున్నానని ఆ రోజు అర్థమైంది. ఉస్తాద్ చేయదగిన పనేనా అది?

మామూలు వినికిడి యంత్రాలు నాకు పనిచేయలేదు. చివరకు కాక్లియర్ ఇంప్లాంట్ వేయించుకున్నాను. లోపలి చెవిలో నత్తగుల్లలాంటి భాగంలోకి సన్నని తీగను పంపుతారు. చెవిమీద ఉండే యంత్రం శబ్దాన్ని విద్యుత్ సంకేతాలుగా మార్చి, ఆ తీగ ద్వారా శ్రవణ నాడికి అందిస్తుంది. అల్లాహ్ ప్రసాదించిన చెవిలో సుమారు 15 వేల సూక్ష్మ కణాలు చేసే పనిని నా చెవిలో 22 లోహపు కొనలు చేయాలి. పోగొట్టుకున్నదాని విలువ ఆ లెక్క విన్నాకే తెలిసింది.

1978లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఇటువంటి పరికరాన్ని అమర్చిన డాక్టర్ గ్రేమ్ క్లార్క్ తండ్రికి వినికిడి లోపం ఉండేది. మందుల దుకాణం నడిపే ఆ తండ్రి మాటలు వినపడక పడే అవస్థ చూస్తూ పెరిగానని, అదే తనను ఈ దారి పట్టించిందని ఆయన చెప్పుకున్నారు.

ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలకు యంత్రాన్ని ఆన్ చేశారు. అందరి గొంతులూ ఖాళీ రేకు డబ్బా మోగినట్లే ఉన్నాయి. మా ఇంటావిడ గొంతుకూ మనవరాలి గొంతుకూ తేడా తెలియలేదు. "ఇంత డబ్బు పోసింది ఇందుకేనా?" అని కుంగిపోయాను. అప్పుడు నన్ను నిలబెట్టింది మనవరాలే. రోజూ అరగంట ఎదురుగా కూర్చుని తన వాచకం చదివేది. "ఏమన్నాను నానా, చెప్పండి?" అని అడిగేది. తప్పు చెబితే మళ్ళీ చదివేది. శబ్దం యంత్రం ఇచ్చింది. ఆ శబ్దం మాటగా మారింది మాత్రం ఆ పిల్ల ఓర్పు వల్లనే.

అయినా నా చెవుడు పోలేదు. రాత్రి యంత్రం తీసి పెడితే మళ్ళీ నిశ్శబ్దమే. ఫజర్‌కు మా ఇంటావిడ భుజం తట్టి లేపాల్సిందే. దావత్‌లో నలుగురూ ఒకేసారి మాట్లాడితే సగం అర్థం కాదు. "ఆపరేషన్ అయింది కదా, ఇంకా వినపడదా?" అని బంధువులు విసుక్కుంటారు. అయ్యా, అరవనవసరం లేదు. ఎదురుగా నిలబడి, నెమ్మదిగా, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడితే చాలు.

పెద్దవాడిని, నేను దాచుకుంటే చదువు చెప్పడంలో నష్టపోయాను. పసిబిడ్డ విషయంలో తల్లిదండ్రులు దాస్తే ఆ బిడ్డ మాటలే నష్టపోతాడు. భాష నాటుకునేది తొలి ఏళ్ళలోనే. "మా వంశంలో అందరికీ మాటలు ఆలస్యమే" అంటూ తాయెత్తులు కట్టి కూర్చుంటే ఆ వయసు తిరిగి రాదు. కేంద్ర ప్రభుత్వ ఎడిప్ పథకం కింద, ఆదాయ పరిమితికి లోబడి, ఐదేళ్ళలోపు పిల్లలకు ఈ పరికరం అమర్చే ఏర్పాటు ఉంది. ఆ పని చూసే జాతీయ సంస్థ 1983లో ముంబైలో ఏర్పడింది. దానికి పెట్టిన పేరు మన హైదరాబాదీ అలీ యావర్ జంగ్‌ది. సికింద్రాబాద్‌లో దాని ప్రాంతీయ కేంద్రం ఉంది.

బిడ్డ పుట్టగానే చెవిలో అజాన్ చెబుతాం. ఆ అజాన్ బిడ్డకు వినపడిందో లేదో తెలుసుకోవడం కూడా మన బాధ్యత కాదా? నిద్రపోతున్న శిశువు చెవిలో చిన్న గొట్టం పెట్టి కొద్ది నిమిషాల్లో చేసే పరీక్ష అది. నొప్పి ఉండదు.

ఇప్పుడు నా తరగతిలో ఏదైనా అక్షరం అనుమానంగా వినిపిస్తే, "బేటా, నాకు సరిగా వినపడలేదు, మళ్ళీ చదువు" అంటున్నాను. పిల్లలెవరూ నవ్వడం లేదు. మళ్ళీ చదువుతున్నారు. అంతకుముందు కంటే శ్రద్ధగా చదువుతున్నారు.